సూది పేరిట తలుపు మూయవచ్చునా?

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాలుగు మాటలు చెప్పమని అధ్యక్షులవారు అడిగినప్పుడు, ఎప్పటిలాగే చదువుల గురించి చెబుతామనే వారు అనుకుని ఉంటారు. ఈసారి మేము వేరే విషయం ఎత్తుకున్నాం. మా చదువూ, మేము చెప్పే పాఠాలూ ఉర్దూలోనే. కాబట్టి తెలుగు మాటలో ఎక్కడైనా తప్పు దొర్లితే మన్నించాలి. విషయంలో తప్పుంటే మాత్రం మన్నించవద్దు, లేచి అడగండి.

ఈ విషయం ఎత్తుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, ఈ ఏడు స్కాలర్‌షిప్పు దరఖాస్తుతోబాటు పిల్లవాడి టీకాల కార్డు నకలు జతపరచాలనీ, జతపరచని దరఖాస్తు తోసివేయాలనీ ఒక సూచన వచ్చింది. సూచన చేసినవారు మంచి మనసుతోనే చేశారు. అందులో మాకు సందేహం లేదు. రెండవది, 2021 చివర మన మినిట్సు పుస్తకంలో ఒక తీర్మానం రాసుకున్నాం. కోవిడ్ టీకా కాగితం చూపనివారికి సొసైటీ సహాయం ఇవ్వరాదని దాని సారాంశం. ఆ తీర్మానాన్ని బలపరచి సంతకం పెట్టినవాళ్లలో మేమూ ఉన్నాం. ఆ తీర్మానం నేటికీ పుస్తకంలో అలాగే ఉంది, ఎవరూ కొట్టివేయలేదు.

ముందు మా తప్పు చెప్పుకుని తర్వాత లోకం సంగతికి వస్తాం.

ఆ ఏడు డిసెంబరులో బియ్యం, దుప్పట్లు పంచిపెట్టాం. బల్ల దగ్గర రిజిస్టరు రాసే పని మాదే. వరుసలో ఒక ఖాలా వచ్చింది. భర్త లేడు, కొడుకు ఎక్కడో పని చేసుకుంటున్నాడు, ఆమె రెండు ఫ్లాట్లలో గిన్నెలు తోముకుని బతుకుతోంది. కాగితం అడిగాం. లేదన్నది. "ఖాలా, రూలు రూలే గదా, సూది వేయించుకుని రా, నీ వాటా నీకు ఉంటుంది" అన్నాం. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. మడిచి తెచ్చుకున్న సంచిని మళ్లీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ రోజు అలా వెనక్కి పోయినవారు తొమ్మిది మంది. ఆ లెక్క కూడా రిజిస్టరులో మా చేతిరాతతోనే ఉంది.

రాత్రి ఇంట్లో ఈ సంగతి చెబితే మా ఇంటావిడ అన్నది: "ఆమెను ఫ్లాట్లవాళ్లు కూడా కాగితం లేదని పదిహేను రోజులుగా పనికి రానివ్వడం లేదు. మీరూ పొమ్మన్నారా?" మరునాడు ఆమె ఇంటికి వెళ్లాం. సూది ఎందుకు వేయించుకోలేదని అడిగాం. పక్కింటివాళ్లకు సూది తర్వాత మూడు రోజులు జ్వరం వచ్చిందట. "మూడు రోజులు పడుకుంటే నా పని ఇంకొకరికి ఇచ్చేస్తారు మాస్టర్ సాబ్" అన్నది. మూఢనమ్మకమూ కాదు, మొండితనమూ కాదు. మూడు రోజుల కూలి సమస్య. పని పోతుందని సూదికి పోలేదు, సూది లేదని పని పోయింది, పని పోయిందని మా దగ్గరకు వస్తే సూది లేదని మేమూ పొమ్మన్నాం.

ఇక లోకం సంగతి. ఇదే ప్రశ్న మీద అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వాలు ఏకంగా చట్టాలే చేశాయి. మొంటానా అని ఉత్తరాన కెనడా సరిహద్దున ఒక రాష్ట్రం ఉంది. సుమారు 11 లక్షల జనాభా. 2021 మే నెలలో అక్కడి గవర్నరు గ్రెగ్ జియాన్‌ఫోర్టే ఒక బిల్లుపై సంతకం పెట్టారు. హౌస్ బిల్లు 702 దాని పేరు. టీకా వేయించుకున్నాడా లేదా అన్నదాన్ని బట్టి ఎవరికీ ఉద్యోగం నిరాకరించరాదు, సరుకు గానీ సేవ గానీ నిరాకరించరాదు, చదువు, వైద్యం నిరాకరించరాదు, హోటలు వంటి బహిరంగ స్థలాలలోకి రానివ్వననరాదు. ఇదీ దాని సారం. ప్రభుత్వానికే కాదు, ప్రైవేటు యజమానులకూ వర్తిస్తుంది. కోవిడ్ సూదికే కాదు, అన్ని టీకాలకూ వర్తిస్తుంది.

గమనించదగ్గ విషయం ఒకటుంది. ఈ చట్టాన్ని వారు ఆరోగ్య శాఖ చట్టాలలో పెట్టలేదు, మానవ హక్కుల చట్టాలలో చేర్చారు. జాతిని బట్టి, మతాన్ని బట్టి, స్త్రీ పురుష భేదాన్ని బట్టి ఎవరినీ తక్కువ చూడరాదని చెప్పే చోటనే టీకాను బట్టి కూడా తక్కువ చూడరాదని చేర్చారు.

ఇది సబబేనా? మనలాంటివాళ్లం బాగా ఆలోచించవలసిన మాట ఇది. మన పేరు మనం ఎంచుకున్నది కాదు. పేరు విని ఇల్లు అద్దెకు ఇవ్వననేవాడు చేసేది వివక్ష. టీకా అలా కాదు, ఈరోజు లేకపోతే రేపు వేయించుకోవచ్చు. పైగా టీకా లేనివాడి వల్ల పక్కవాడికి రోగం సోకవచ్చు, మన పేరు వల్ల ఎవరికీ ఏమీ సోకదు. కాబట్టి రెండూ ఒకటే అంటే మేము ఒప్పుకోలేం.

మొంటానా చట్టం కూడా పూర్తిగా ఒప్పుకోలేదు. బడిపిల్లలకు ఉండవలసిన టీకాల నిబంధనల జోలికి అది పోలేదు. ముసలివారిని, మంచం పట్టినవారిని చూసుకునే నర్సింగు హోములకు కూడా కొంత మినహాయింపు ఇచ్చింది. అయితే మామూలు ఆసుపత్రులకు, డాక్టర్ల క్లినిక్కులకు అంత వెసులుబాటు ఇవ్వలేదు. క్యాన్సరు రోగి దగ్గర పనిచేసే నర్సును టీకా విషయంలో పట్టుబట్టలేకపోతే ఎలాగని డాక్టర్ల సంఘం కోర్టుకు వెళ్లింది. 2022 డిసెంబరులో ఫెడరల్ న్యాయమూర్తి డోనాల్డ్ మలోయ్ వైద్యశాలల వరకు ఆ చట్టాన్ని నిలిపివేశారు. 2024లో పై కోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. చదువుకున్న న్యాయమూర్తులే రెండు విధాలుగా చెప్పారంటే విషయం తేలికైనది కాదన్నమాట.

ఐడహో పక్క రాష్ట్రం. అక్కడ 2025లో ఇంకా విశాలమైన బిల్లు వచ్చింది. గవర్నరు బ్రాడ్ లిటిల్ మొదటి బిల్లును వెనక్కి పంపారు. అంటురోగం ఉన్న పిల్లవాడిని బడి నుంచి ఇంటికి పంపే అధికారం పోతుందని ఆయన అభ్యంతరం. బడిపంతుళ్లుగా మాకు ఆ అభ్యంతరం బాగా అర్థమైంది. మీజిల్స్ వచ్చిన పిల్లవాడిని బల్ల మీద కూర్చోబెట్టి పాఠం చెప్పమంటే మిగిలిన నలభై మంది గతేమిటి? బిల్లును సవరించి తెచ్చిన తర్వాతే ఏప్రిల్‌లో ఆయన సంతకం పెట్టారు.

న్యూయార్క్ నగరం దీనికి పూర్తి విరుద్ధం. అక్కడ 2021 ఆగస్టు నుంచి 2022 మార్చి వరకు టీకా రుజువు లేనిదే హోటలులో లోపల కూర్చుని తినడానికి వీల్లేదన్నారు. ఒకే దేశంలో ఒకచోట కాగితం అడిగితే తప్పు, ఒకచోట అడగకపోతే తప్పు! అక్కడ చదువులకు, ఉద్యోగాలకు వెళ్లిన మన తెలుగు పిల్లలు ఈ రెండు రకాలూ చూసి వచ్చారు.

అమెరికాలో ఈ తగాదా నిన్నటిది కాదు. 1902లో మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలో మశూచి వ్యాపిస్తే ఊరందరూ టీకా వేయించుకోవాలన్నారు. జాకబ్సన్ అనే పాస్టరు ఒప్పుకోలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1905లో కోర్టు ప్రభుత్వం పక్షానే చెప్పింది. పదిమంది క్షేమం కోసం ఒకరి స్వేచ్ఛకు హద్దు పెట్టవచ్చునన్నది. అయితే ఆ చట్టం ప్రకారం ఆయనకు పడిన శిక్ష ఏమిటనుకున్నారు? 5 డాలర్ల జరిమానా. చేయి పట్టి సూది గుచ్చమనలేదు, అంగట్లో సరుకు అమ్మవద్దనలేదు. హద్దు వేరు, వెలి వేరు.

ఇక మన దేశానికి వస్తాం. మొంటానా మాదిరి టీకా వివక్ష చట్టం మన దగ్గర ఏ రాష్ట్రమూ చేయలేదు. మన దగ్గర ఆ పని కోర్టులు చేశాయి. 2021లో మేఘాలయలో దుకాణదారులు, టాక్సీ డ్రైవర్లు టీకా వేయించుకుంటేనే పని మొదలుపెట్టాలన్నారు. హైకోర్టు జూన్ నెలలో అది తగదన్నది. అయితే టీకా అయిందో లేదో దుకాణం ముందు, బండి మీద అందరికీ కనబడేలా బోర్డు పెట్టమన్నది. చూసి ఎవరి నిర్ణయం వారు చేసుకుంటారని. మిజోరంలో టీకా లేనివారు ఇల్లు విడిచి పనికి పోరాదంటే, గౌహతి హైకోర్టు ఐజ్వాల్ బెంచి జులైలో ఆ నిబంధనను కొట్టివేసింది. బొంబాయిలో ఆగస్టు 15 నుంచి లోకల్ రైలు ఎక్కాలంటే రెండు సూదులూ అయి 14 రోజులు గడచి ఉండాలన్నారు. రైలు లేకపోతే బొంబాయిలో కూలివాడికి కూలి ఎక్కడిది?

చివరికి 2022 మే 2న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తీర్పు చెప్పిన ఇద్దరిలో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు గారు మన తెలుగువారే, గుంటూరు కోర్టులో వకీలుగా మొదలుపెట్టినవారు. రెండవవారు జస్టిస్ బి.ఆర్. గవాయ్ గారు. రాజ్యాంగం 21వ అధికరణం ప్రకారం మనిషి శరీరం మీద అధికారం ఆ మనిషిదే, బలవంతంగా ఎవరికీ టీకా వేయరాదన్నారు. అదే సమయంలో ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం హద్దులు పెట్టవచ్చునన్నారు. కాని ఆ హద్దు ప్రమాదానికి తగినంతే ఉండాలన్నారు. టీకా లేనివాడి వల్ల టీకా ఉన్నవాడి కంటే ఎక్కువగా వ్యాపిస్తుందని తమ ముందు ఎవరూ రుజువు చూపలేదు గనుక, ఆనాటి పరిస్థితులలో రాష్ట్రాలు పెట్టిన ఆంక్షలు తగినవి కావన్నారు. టీకా మంచిది కాదని మాత్రం అనలేదు. దేశం టీకా విధానాన్ని తప్పు పట్టలేదు. ఈ రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్నే వాట్సాప్‌లో తిప్పినవాళ్లు చాలామంది.

రోగం పేరిట తలుపు మూయరాదని చెప్పే చట్టాలు మనకు వేరే ఉన్నాయి. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం ఆ రోగమున్నదని ఉద్యోగం, చదువు, వైద్యం నిరాకరించరాదన్నది. కుష్ఠురోగం కారణంగా విడాకులు కోరవచ్చనే మాటను 2019లో పార్లమెంటు ఎత్తివేసింది. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో నుంచి కూడా ఎత్తివేసింది.

రోగం పేరిట తలుపు మూస్తే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 2020 మార్చి, ఏప్రిల్ నెలలు జ్ఞాపకం తెచ్చుకోండి. నిజాముద్దీన్ మర్కజ్ సంగతి పేపర్లలో రాగానే, ఢిల్లీ మొహం కూడా చూడని మన కూరగాయల బండివాడిని పేరడిగి వెనక్కి పంపారు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, విదేశీ జమాత్ వాళ్ల మీద పెట్టిన కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారన్నది. తీర్పు వచ్చింది గాని, బండివాడి ఆ నెల సంపాదన తిరిగి రాలేదు. అది అనుభవించిన మనం, రెండేళ్లు తిరగకుండా మన వరుసలో నుంచి తొమ్మిది మందిని వెనక్కి పంపాం. ఈ మాట చెప్పుకోవడానికి మాకు సిగ్గుగానే ఉంది.

అయితే అన్నలారా, రెండో వైపు కూడా చెప్పకపోతే ఇన్సాఫ్ కాదు. టీకా ఎవరిష్టం వారిది అని చేతులు దులుపుకుంటే ఏమవుతుందో కూడా చూశాం. 2022 చివర బొంబాయి గోవండిలో మీజిల్స్ వ్యాపించి పలువురు చిన్నారులు చనిపోయారు. ఆ బస్తీల్లో ఎక్కువ మంది మనవాళ్లే. 2025లో అమెరికా టెక్సాస్‌లో అదే రోగం వచ్చి టీకా లేని ఇద్దరు పిల్లలు చనిపోయారు. మన దేశంలో మీజిల్స్ మొదటి సూది తొమ్మిది నెలలు నిండాకనే వేస్తారు. అంటే ఆరు నెలల పసిబిడ్డకు కాపలా తన సూది కాదు, చుట్టూ ఉన్న అన్నల, అక్కల సూదే. నా ఇష్టం నాది అనేవాడు ఆ పసిబిడ్డ తరఫున కూడా మాట్లాడుతున్నాడని గుర్తుంచుకోవాలి. తాఊన్ ఉన్న ఊరికి పోవద్దనీ, ఆ ఊళ్లో ఉన్నవారు బయటికి రావద్దనీ హదీసు నేర్పిన దీన్ మనది. పక్కవాడికి హాని చేయకపోవడం మనకు కొత్త పాఠం కాదు.

కొన్ని గుమ్మాల దగ్గర కాగితం అడగడం న్యాయమే. హజ్‌కు పోయే ప్రతి ఒక్కరూ మెనింజైటిస్ సూది వేయించుకుని ఆ కాగితం చూపాలి. 2000లో హజ్ నుంచి తిరిగి వచ్చినవారి ద్వారా ఆ జ్వరం అనేక దేశాలకు పాకింది. లక్షలాది మంది భుజం భుజం రాసుకునే చోట ఆ నిబంధన లేకపోతే ఎలా? మన హాజీలు ఎవరూ దానిని అవమానం అనుకోలేదు. ఐసీయూలో పనిచేసే నర్సును అడగడం న్యాయమే. ప్రమాదం నిజంగా ఆ గుమ్మం దగ్గరే ఉంది. మరి బియ్యం బల్ల దగ్గర, ఆరుబయట, ఒక్క నిమిషం నిలబడి పోయే మనిషి దగ్గర ఏ ప్రమాదం ఉంది? ఆ రోజు మేము కాగితం అడిగింది రోగాన్ని ఆపడానికి కాదు. ఆకలిని చూపి సూదికి పంపడానికి. ఆ రెంటికీ తేడా మాకు అప్పుడు తెలియలేదు.

తలుపు మూయకపోతే జనం వింటారా అని అడుగుతారు. వింటారు. 2017 ఆగస్టులో మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ బడిపిల్లలకు మీజిల్స్ రుబెల్లా టీకాలు వేశారు. ఆడపిల్లలకు పిల్లలు పుట్టకుండా చేసే సూది అని పుకారు లేచింది. మా ఉర్దూ మీడియం బడిలో మొదటి రోజు సగం బెంచీలు ఖాళీ. రానివాళ్ల పేరు కొట్టివేస్తామని బెదిరించవచ్చు. అలా చేస్తే పిల్ల సూదికీ రాదు, చదువుకూ రాదు. హెడ్మాస్టరుగారు, మేము, ఇద్దరు టీచరమ్మలు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగాం. మా సొంత కూతురికి అందరి ముందు మొదటి సూది వేయించాం. ఇమామ్ సాబ్ జుమా రోజున రెండు మాటలు చెప్పారు. వారం తిరిగేసరికి బెంచీలు నిండాయి.

ఉత్తరప్రదేశ్‌లో పోలియో చుక్కల మీద పుకార్లు లేచినప్పుడు కూడా మార్గం ఇదే. మౌల్వీలను, జామియా మిల్లియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాల వారిని వెంటబెట్టుకుని గడప గడపకూ తిరిగారు. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజంగా సంక్రమించే పోలియో కేసు రాలేదు. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో లేని ప్రాంతంగా ప్రకటించింది. చట్టం చేయలేని పని చెప్పుల జోడు అరగదీసుకున్నవాళ్లు చేశారు.

మా ఖాలా సంగతి చెప్పి ముగిస్తాం. మా ఇంటావిడ, ఇంకొక టీచరమ్మ ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి సూది వేయించారు. మూడు రోజుల కూలి మేము నలుగురం కలిసి ఇచ్చాం. జ్వరం ఒక్క రాత్రే వచ్చింది. మిగతా ఎనిమిది మంది ఇళ్లకూ వెళ్లాం. ఆరుగురు నెలలోపు వేయించుకున్నారు. ఇద్దరు వేయించుకోలేదు, నేటికీ లేదు. వాళ్లకూ మనం బియ్యం ఇస్తూనే ఉన్నాం. మన చేతలు మారాయి గాని మన పుస్తకం మారలేదు. రాసి ఉన్న మాట ఊరికే ఉండదు. రేపు మనం లేనప్పుడు ఇంకొక కార్యవర్గం దాన్ని తీసి ఇంకొక ఖాలా ముందు చదువుతుంది.

కాబట్టి సభవారి ముందు మూడు విన్నపాలు పెడుతున్నాం. ఒకటి, 2021 నాటి ఆ తీర్మానాన్ని ఈ సభలోనే కొట్టివేయాలి. కొట్టివేశామని మినిట్సులో రాయాలి. రెండు, స్కాలర్‌షిప్పు ఫారంలో టీకాల కార్డు గడి పెట్టండి, మేము కాదనం. అయితే కార్డు లేదన్నవారి దరఖాస్తు తోసివేయకండి. దాని మీద గుర్తు పెట్టి పక్కన ఉంచండి. స్కాలర్‌షిప్పు ఇవ్వండి, తర్వాత ఆ ఇంటికి మనిషిని పంపండి. ఆ గడి తాళం కాకూడదు, చిరునామా కావాలి. మూడు, సూది కోసం పని మానుకునే కూలివారికి ఒకటి రెండు రోజుల కూలి ఇచ్చేందుకు చిన్న నిధి కేటాయించాలి. మొదటి విరాళంగా మా ఒక నెల ట్యూషను డబ్బు ఇప్పుడే కోశాధికారిగారికి ఇస్తున్నాం.

ఇళ్లకు తిరిగే పని ఎవరిదని అడిగితే, ఆదివారాలు మావి. తోడు వచ్చేవారు సభ ముగిశాక పేరు ఇవ్వండి.

అల్లా మన తప్పులను మన్నించి, మంచిని స్వీకరించుగాక. సెలవు.